మీడియం వేవ్ శ్రోత: చిన్న పట్టణాల రేడియో క్షీణత, తెలుగు ప్రసార వచనం

వ్యాససంగ్రహం: తెలుగు రేడియో సాహిత్యంపై వెలువడిన రచనల్లో అధికభాగం మద్రాసు, విజయవాడ, హైదరాబాదు కేంద్రాల ప్రముఖుల స్మరణకే పరిమితమైంది. కడపవంటి పట్టణాల మీడియం వేవ్ ప్రసారాలు ప్రాబల్యాన్ని కోల్పోతున్న దశలో, వాటికోసం రూపుదిద్దుకున్న వచనాన్ని సాహిత్యపాఠ్యంగా చదవవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రసార సాంకేతికత వాక్యనిర్మాణంపై చూపిన ప్రభావాన్నీ, రేడియోలో మాండలికానికి దక్కిన స్థానాన్నీ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆకాశవాణి, మీడియం వేవ్, ప్రసార వచనం, శ్రవ్యనాటిక, గ్రామీణ కార్యక్రమం, మాండలికం, కడప కేంద్రం.

1. స్మరణ పరిధి

తెలుగులో రేడియో గురించి వచ్చిన పుస్తకాలకూ, ప్రత్యేక సంచికల వ్యాసాలకూ ఒక స్థిరమైన నమూనా ఏర్పడింది. 1935లో నిజాం ప్రభుత్వం చేపట్టిన దక్కన్ రేడియో, 1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1950లో హైదరాబాదు కేంద్రం ఆకాశవాణిలో కలవడం: ఈ తేదీల వెంట ప్రముఖుల పేర్లు బారులు తీరుతాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, గోపీచంద్, దాశరథి, మునిమాణిక్యం నరసింహారావు, స్థానం నరసింహారావు, బాలాంత్రపు రజనీకాంతరావు ఆకాశవాణిలో పనిచేశారన్నది నిజంగానే గొప్ప విషయం. ఒక ప్రభుత్వ సంస్థ ఇందరు రచయితలకూ కళాకారులకూ ఏకకాలంలో జీతమిచ్చిన సందర్భం తెలుగు సాహిత్యచరిత్రలో అరుదు. అయితే ఈ స్మరణల్లో రచయిత ఉద్యోగం తెలుస్తుంది, పై అధికారితో అతని చమత్కార సంభాషణ తెలుస్తుంది. అతని వాక్యానికి రేడియో ఏమి చేసిందో మాత్రం తెలియదు.

ఈ నమూనాకు మరో పరిమితి కూడా ఉంది. 1963లో కడప, విశాఖపట్నం కేంద్రాలు మొదలయ్యాయి. కడప తొలుత సహాయక కేంద్రం. పెద్ద కేంద్రాల కార్యక్రమాలను అందుకొని వినిపించడమే దాని ప్రధానమైన పని. సొంత గొంతు క్రమేణా ఏర్పడింది. ప్రముఖుల జాబితా పొడవుగా లేకపోవడంవల్ల స్మృతిరచనల్లో ఈ కేంద్రానికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. నేడు మీడియం వేవ్ క్షీణతను గురించి సాగుతున్న విలాపంలోనూ ఇదే అసమానత కొనసాగుతున్నది. ఉషశ్రీ రామాయణాన్ని తలచుకొని బాధపడేవారు, రాయలసీమ రైతుకు సాయంకాలం వినిపించిన అనామక సంభాషణను తలచుకోరు. మొదటిది క్యాసెట్లుగా, ఆ తరువాత అంతర్జాల ప్రతులుగా మిగిలింది. మిగలనిది రెండవదే.

2. తరంగం, నేల, వాక్యం

రేడియో రచనను విమర్శించేవారు సాధారణంగా దానిని ‘శబ్దమాధ్యమం’ అని నిర్వచించి ముందుకు సాగుతారు. ఆ శబ్దం ఏ స్థితిలో శ్రోతను చేరిందన్న ప్రశ్నను ఇంజనీర్లకు వదిలివేస్తారు. కాని మీడియం వేవ్ విషయంలో ఆ ప్రశ్న శైలీశాస్త్రానికి సంబంధించినది.

ఎ.ఎం. పద్ధతిలో ధ్వనికి అనుగుణంగా తరంగపు ఎత్తు మారుతుంది. మెరుపు, నీటి మోటారు, ఇంటిముందు తీగమీది నిప్పురవ్వ కూడా ఆ ఎత్తునే మారుస్తాయి. అందువల్ల మాటతోపాటు రొద కూడా గ్రాహకంలోకి వస్తుంది. రెండింటినీ వేరుచేసే ఉపాయం ఆ సెట్టుకు లేదు. మన ప్రాంతంలో పక్కపక్క కేంద్రాల మధ్య అంతరం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఫలితంగా సుమారు 4.5 కిలోహెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులు శ్రోతదాకా సరిగా రావు. సకారంలోని ఈలవంటి ధ్వనిశక్తిలో అధికభాగం ఆ హద్దుకు అటువైపే ఉంటుంది. శ, ష, స అనే మూడక్షరాల భేదాన్ని ఎంత శుద్ధంగా పలికినా మధ్యాహ్నపు సెట్టులో అది మసకబారేది. ఉచ్చారణ శుద్ధికి పేరుపొందిన ఆకాశవాణి ఆ శుద్ధిని పూర్తిగా అందించలేని మార్గం మీద ఐదారు దశాబ్దాలు మాట్లాడిందన్నది గమనించవలసిన విషయం.

నేల ప్రమేయమూ తక్కువ కాదు. పగటివేళ మీడియం వేవ్ ప్రధానంగా భూమిని అంటిపెట్టుకొని ప్రయాణిస్తుంది. తడినేల దానిని చాలా దూరం మోస్తుంది. రాతినేల త్వరగా మింగేస్తుంది. కృష్ణా డెల్టా నడుమ నిలిచిన విజయవాడ ప్రసారానికీ, కొండలూ మెట్టభూములూ చుట్టుకొన్న కడప ప్రసారానికీ ఒకే శక్తి ఇచ్చినా ఒకే వ్యాప్తి రాదు. సూర్యాస్తమయం తరువాత పరిస్థితి మళ్ళీ మారుతుంది. పగలు ఈ తరంగాలను పీల్చుకునే వాతావరణపు దిగువ అయనపొర రాత్రి తొలగిపోగా, పైపొరలకు తగిలి దూరకేంద్రాల తరంగాలు దిగివస్తాయి. తమిళ, కన్నడ, హిందీ గొంతులు తోసుకువచ్చే ఆ వేళలోనే గ్రామీణ కార్యక్రమం, నాటిక ప్రసారమయ్యేవి. శ్రోత సెట్టును అటూ ఇటూ తిప్పి, లోపలి ఫెర్రైట్ కడ్డీ కేంద్రం దిక్కుకు సరిపడేలా నిలిపేవాడు. వినడం అన్నది చేతితో చేసే పని కూడా అయిన కాలమది.

ఇటువంటి మార్గానికి రాసిన వచనం అచ్చు వచనంలా ఉండడానికి వీలులేదు. వ్యవసాయ సూచన ఒకటి తీసుకుందాం. కరపత్రం అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు: “విత్తనశుద్ధి చేయనిపక్షంలో మొలకదశలోనే శిలీంధ్ర సంబంధమైన వ్యాధులు సోకి మొక్కల సాంద్రత తగ్గే ప్రమాదమున్నందున రైతులు తగు జాగ్రత్త వహించవలెను.” ప్రసార వచన పద్ధతిని చూపడానికి దీనినే తిరగరాస్తే ఇలా వస్తుంది: “వేరుసెనగ విత్తనానికి ముందు మందు పట్టించాలి. మందు పట్టించకపోతే మొలకలోనే కుళ్ళు వస్తుంది. కుళ్ళు వచ్చిందా, చేను పలచబడుతుంది.” మొదటి వాక్యంలో ‘సాంద్రత’ దగ్గర ఒక్క ఉరుము ఉరిమితే మొత్తం అర్థం పోతుంది. రెండవదానిలో ఒక ముక్క పోయినా తరువాతి ముక్క దానిని తిరిగి అందిస్తుంది. ముందు వాక్యపు చివరి మాటను తరువాతి వాక్యం మొదట అందుకోవడాన్ని ఛందోలంకార గ్రంథాలు ముక్తపదగ్రస్తమన్నాయి. పద్యంలో అది చాతుర్యం. మీడియం వేవ్ వచనంలో అది రొదకు విరుగుడు.

సర్వనామానికి బదులు పేరునే మళ్ళీ చెప్పడం, అంకెను రెండుసార్లు పలకడం, సమాసాన్ని విడదీయడం, క్రియను వీలైనంత త్వరగా తీసుకురావడం కూడా ఈ కోవలోనివే. ఉషశ్రీ పురాణకథనంలో ఇవన్నీ కనిపిస్తాయి: పాత్రపేరును పదేపదే పలకడం, చిన్న వాక్యం, దాని వెనుక నిండైన విరామం. వాటిని ఆయన వ్యక్తిగత ప్రతిభగా మాత్రమే లెక్కించడం పరిపాటి. ప్రతిభ ఉంది, సందేహం లేదు. కాని అవే లక్షణాలు పేరు తెలియని రచయితలు రాసిన ఎరువుల ప్రసంగానికీ తప్పనిసరి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే విమర్శ వస్తే, ఉషశ్రీ ప్రత్యేకత ఎక్కడ మొదలవుతుందో మరింత కచ్చితంగా చెప్పడం సాధ్యమవుతుంది.

3. శ్రవ్యనాటికా, బుర్రకథా?

రేడియో నాటికను దృశ్యకావ్యానికి కుదింపుగా చూడడం మరొక అలవాటు. రంగస్థలంలోంచి రంగాన్ని తీసివేయగా మిగిలినది రేడియో నాటిక అన్న భావన ‘శ్రవ్యనాటిక’ అన్న పేరులోనే తొంగిచూస్తుంది. నాట్యాన్ని దృశ్యంగానూ, కావ్యాన్ని శ్రవ్యంగానూ విభజించిన ఆలంకారికులకు ఈ పేరు వింతగా తోచేది. చిలకమర్తి లక్ష్మీనరసింహం నవల ‘గణపతి’ రేడియో నాటకంగా వచ్చినప్పుడు నండూరి సుబ్బారావు గొంతు ఆ పాత్రకు పర్యాయమైంది. నవలలో హాస్యం కథకుని వర్ణనలో ఉంది. రేడియోలో ఆ వర్ణన చాలావరకు గొంతులోకి మారింది. ఇక్కడ దృశ్యం లోపించలేదు. దృశ్యం ఎన్నడూ లేని వచనం నుంచే ఆ నాటకం పుట్టింది. రంగస్థలంతో పోల్చి లోటును లెక్కించే విమర్శకు ఈ రచన లొంగదు.

నిత్యం వినిపించిన గ్రామీణ కార్యక్రమం ఇంకా ఆసక్తికరమైనది. ఇద్దరు ముగ్గురు స్థిరమైన పాత్రలు రోజూ వచ్చి మాట్లాడుకుంటారు. ఒకరు సందేహం అడుగుతారు, ఒకరు పరిహాసమాడతారు, ఒకరు విషయం వివరిస్తారు. ఈ నిర్మాణానికి పాశ్చాత్య రేడియో నాటకంలో మూలాన్ని వెతకవలసిన పనిలేదు. కథకుడు, హాస్యపు వంత, రాజకీయపు వంత ఉన్న బుర్రకథ దగ్గరలోనే ఉంది. కథకుడు ఒక మాటను ముగించగానే వంత దానిని అందుకొని ప్రశ్నగానో, వెక్కిరింతగానో తిప్పడం, శ్రోత మనసులో మెదిలే అనుమానాన్ని వేదిక మీదనే పలికించడం ఆ కళలోని ప్రధాన సూత్రం. గ్రామీణ కార్యక్రమం ఆ సూత్రాన్ని యూరియాకూ, కుటుంబనియంత్రణకూ, పొదుపు ఖాతాకూ వాడుకుంది. 1966లో అధిక దిగుబడి వంగడాల ప్రచారంకోసం ఆకాశవాణిలో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడ్డాయి. తమిళనాడులో ఒక వరివంగడానికి ‘రేడియో వడ్లు’ అనే పేరే స్థిరపడిపోయింది. ప్రభుత్వ ప్రచారమన్న కారణంతో ఈ సంభాషణలను సాహిత్యంనుంచి మినహాయిస్తే, స్వాతంత్ర్యోద్యమ, కమ్యూనిస్టు ప్రచారంలో వికసించిన బుర్రకథనూ అదే న్యాయంతో మినహాయించవలసి వస్తుంది.

4. మాండలికానికి కేటాయించిన గంట

క్షీణిస్తున్నదానిని గురించి రాసేటప్పుడు దాని లోపాలు మరుగున పడతాయి. తెలుగు రేడియో వ్యావహారిక భాషకు పెద్ద అండగా నిలిచిందన్న మాట తరచు వినిపిస్తుంది. గిడుగు వాదించిన వాడుకభాష పండితుల పత్రికల్లో ఇంకా పోరాడుతున్న కాలంలో రేడియో దానిని ఇంటింటికీ చేర్చినమాట వాస్తవం. కాని ఎవరి వాడుకభాష? వార్తలు, ప్రసంగాలు, సాహిత్య గోష్ఠులు ప్రధానంగా కోస్తా విద్యావంతుల శిష్టవ్యావహారికంలో సాగాయి. తెలంగాణ పలుకుబడి హైదరాబాదు గ్రామీణ కార్యక్రమంలో ‘చిన్నక్క’ గొంతుగా నిలిచింది. ఆ పాత్రకు అపారమైన ఆదరణ లభించింది. అదే పలుకుబడిలో అదే సాయంత్రం వార్తలు చదవడాన్ని మాత్రం ఊహించలేము. మాండలికానికి ఒక గంట కేటాయించారు. ఆ గంట రైతుకూ, హాస్యానికీ.

కడప కేంద్రం ఈ అంతస్తులకు అతీతంగా ఉండేదని చెప్పడం కేవలం అభిమానమే అవుతుంది. అక్కడా ప్రసంగపాఠం ముందుగా రాసి పంపాలి, ఆమోదం పొందాలి, నిర్ణీత నిమిషాల్లో చదవాలి. ఆ క్రమంలో సీమ క్రియారూపాలు ఎన్ని ‘సరిదిద్దబడ్డాయో’ రాతప్రతులను చూస్తేగాని తేలదు. కాని చిన్నకేంద్రానికి ఒక అవకాశం ఉండేది. రోజులో నింపవలసిన వేళ ఎక్కువ, రప్పించుకోదగిన ప్రముఖులు తక్కువ. అందువల్ల సమీప కళాశాల అధ్యాపకుడు, వ్యవసాయాధికారి, చెక్కభజన బృందం, పొరుగూరి రైతు మైకు ముందుకు రావలసివచ్చింది. రాతప్రతి లేని పరిచయ సంభాషణలో ‘వస్తాండాడు’, ‘చేస్తాండారు’ అన్న రూపాలు అడ్డులేకుండా వెలువడే వీలుంది. ప్రమాణభాషా విధానం సడలింది సిద్ధాంతంవల్ల కాదు, సిబ్బంది కొరతవల్ల. రాయలసీమ కథాసాహిత్యంలో మాండలిక సంభాషణ బలపడిన దశాబ్దాలూ ఇవే. ఒకటి మరొకదానికి కారణమని చెప్పడానికి ఆధారాలు చాలవు. రెండింటినీ కలిపి పరిశీలించడానికి మాత్రం తగినంత కారణం ఉంది.

5. మూగబోవడంలోని మెట్లు

మీడియం వేవ్ క్షీణతకు టెలివిజన్‌ను కారణంగా చూపడం సులభం. పొలంలో, దుకాణంలో, మగ్గం దగ్గర రేడియో ఆ తరువాత కూడా మోగింది. అసలు దెబ్బ జేబులోకి వచ్చిన ఫోనుతో తగిలింది. 900 కిలోహెర్ట్జ్ మీద వచ్చే కడప ప్రసారపు తరంగదైర్ఘ్యం సుమారు 333 మీటర్లు. దానిని పట్టుకోవడానికి ఫెర్రైట్ కడ్డీ, తీగచుట్ట ఉండాలి; పలుచని ఫోనులో వాటికి చోటులేదు. పైగా ఫోనులోని సొంత పరికరాలే ఆ పౌనఃపున్యాల మీద రొద చేస్తాయి. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు. చెవిలో పెట్టుకునే తీగే దానికి యాంటెన్నాగా సరిపోయింది. ఫోను తయారీదారులు ఎఫ్.ఎం.ను ఇచ్చి ఎ.ఎం.ను వదిలేయడం వెనుక భాషావిధానం లేదు, ప్రసారవిధానం లేదు. అయినా ఏ కార్యక్రమం ఎవరికి వినబడాలన్నది ఆ మూరెడు తీగే తేల్చింది.

కేంద్రం వైపున ఖర్చు సమస్య ఉంది. వంద కిలోవాట్ల ప్రసారిణికి కరెంటు బిల్లు, పొడవైన స్తంభం, దాని చుట్టూ భూమిలో పరిచిన రాగితీగల వల, వాటికి ఎకరాల కొద్దీ స్థలం కావాలి. పట్టణం పెరిగేకొద్దీ ఆ స్థలం విలువ పెరుగుతుంది, దాని చుట్టూ విద్యుత్ రొద కూడా పెరుగుతుంది. ఎల్.ఇ.డి. దీపం, ఛార్జరు, ఇన్వర్టరు ఉన్న ఇంట్లో పాత సెట్టు గురగురమనడం తప్ప మాట్లాడదు. ఆకాశవాణి సుమారు 35 మీడియం వేవ్ ప్రసారిణులను డి.ఆర్.ఎం. అనే డిజిటల్ పద్ధతికి అనువుగా మార్చింది. ఆ ధ్వని స్వచ్ఛమైనదే. దానిని వినగలిగే సెట్లు కొన్ని కొత్త కార్లలో తప్ప సామాన్యుని ఇంటికి రాలేదు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా ఆకాశవాణి ప్రసారాలు డల్లాస్‌లోని తెలుగువారికి కూడా చేరగలవు. పులివెందుల దగ్గరి చీనీతోటలో కూలిపని చేసే మనిషికి అదే ప్రసారం కావాలంటే డేటా కావాలి. దూరం సమస్య తీరింది, దగ్గర సమస్యగా మారింది.

అలాగని ఎ.ఎం. స్థానికమైనదీ, ఎఫ్.ఎం. నగరానిదీ అన్న విభజన సరిపడదు. 1980ల మధ్యనుంచి ఆకాశవాణి స్థానిక కేంద్రాలను చిన్న పట్టణాలకు విస్తరించింది. ఆదిలాబాదు, కొత్తగూడెం, వరంగల్లు, నిజామాబాదు, అనంతపురం, కర్నూలు ఆ కోవలోనివి. నేడు అవి ఎఫ్.ఎం.లోనే వినిపిస్తాయి. 2001లో బెంగళూరుతో మొదలైన ప్రైవేటు ఎఫ్.ఎం. వేరు, దానికి సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు, సినిమాపాటే దాని ప్రధాన సరుకు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన తరువాత తెరుచుకున్న మరో దారి సామాజిక రేడియో. జహీరాబాదు సమీపంలోని మాచ్‌నూరులో 2008లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలు నడిపారు. అక్కడ మాండలికానికి వేరే గంట కేటాయించవలసిన అవసరం రాలేదు, ప్రసారమంతా అదే. సాహిత్యదృష్టితో చూస్తే తెలుగు రేడియో భాషలో ఇది చిన్నకేంద్రాల సడలింపుకంటే పెద్ద మలుపు. కాని దాని వ్యాప్తి పది పదిహేను మైళ్ళు. ఒక జిల్లా మరొక జిల్లా మాటను వినే అవకాశం మీడియం వేవ్ ఇచ్చింది. కడప సంభాషణను నెల్లూరు మెట్టలోని రైతూ, అనంతపురం రైతూ ఒకేసారి విని, తమ మాటకూ ఆ మాటకూ తేడా గమనించగలిగారు. మాండలికాలు ఒకదానినొకటి వినడం అచ్చుకథ సాధించలేని పని. సామాజిక రేడియో దానిని తన లక్ష్యంగా పెట్టుకోలేదు, ప్రైవేటు ఎఫ్.ఎం.కు దాని అవసరం లేదు.

6. చదవడానికి మిగిలినవి

ప్రసారం ముగిసిన టేపును చెరిపి మళ్ళీ వాడుకోవడం ఆకాశవాణిలో సాధారణ పద్ధతి. ఏది ఉంచాలో నిర్ణయించినవారు సంగీత విద్వాంసులనూ, ప్రముఖుల ప్రసంగాలనూ ఉంచారు. నిత్య సంభాషణను చెరిపారు. కనుక ధ్వని ఆధారంగా ఈ వచనాన్ని అధ్యయనం చేయడం చాలావరకు సాధ్యంకాదు. మిగిలినవి కాగితాలు: ప్రసంగపాఠాల కార్బన్ ప్రతులు, వాటిమీద ఎర్రసిరా దిద్దుబాట్లు, ఏ నిమిషానికి ఏది ప్రసారం కావాలో చూపే దినపత్రాలు, ప్రసారం ఆగిన క్షణాలను నమోదుచేసిన పుస్తకాలు. ఎర్రసిరా దిద్దుబాట్లు ఒక్కటే సేకరించి క్రమబద్ధం చేసినా, ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో ప్రమాణ తెలుగు ఎలా అమలైందన్నదానికి అది ఏ వ్యాకరణ గ్రంథం ఇవ్వలేని సాక్ష్యం అవుతుంది. సహాయక గ్రంథాల పట్టికలో అచ్చుపుస్తకాలకే చోటిచ్చే సిద్ధాంతవ్యాస సంప్రదాయం ఈ కాగితాలను ఆకరాలుగా అంగీకరించవలసి ఉంటుంది. కేంద్రాలు స్థలాలు ఖాళీచేసే క్రమంలో మొదట తూకానికి వెళ్ళేవి ఇవే.

శ్రోతల ఉత్తరాలది మరో ప్రత్యేకత. కోరిన పాటల కార్యక్రమంలో పాటకు ముందు ప్రకటనకర్త చదివే ఊళ్ళ పేర్లు, వ్యక్తుల పేర్లు ఒక్కోసారి ఓపికను పరీక్షించేంత పొడవుగా ఉండేవి. హిందీ ప్రసారాల్లో ఝుమ్రీ తిలయ్యా అనే చిన్న పట్టణం కేవలం ఉత్తరాలతోనే దేశమంతటా పేరు తెచ్చుకుంది. తెలుగు కేంద్రాలకు అటువంటి ఒక్క ఊరు లేదు. వందల ఊళ్ళు ఉన్నాయి. కావ్యాల్లో స్థలనామాల పట్టికలను శాసనాలతో పోల్చి పరిశీలించే పరిశోధకులు ఈ పట్టికలను వదిలేశారు. పత్రికలో పేరు ఎన్నడూ అచ్చుకాని చేనేతకారుడు, బీడీకార్మికురాలు, హాస్టలు విద్యార్థి ఒక కార్డు ఖర్చుతో తన పేరునూ ఊరి పేరునూ మూడు జిల్లాలకు వినిపించుకున్న రూపమిది. ఆ కార్డుల్లో చాలావాటిమీద పాట పేరు ఒక పంక్తిలో ఉంటుంది. మిగిలిన చోటంతా పేర్లే.